రంగం రూపాయలు – యుద్ధకాలపు కాగితాలు చెప్పే కథలు

మా నర్సీపట్నంలో యుద్ధం అనగానే అందరికీ గుర్తుకువచ్చేది మన్యం తిరుగుబాటే. 1922 సెప్టెంబరు 24వ తేదీన దామనపల్లి ఘాటులో అల్లూరి సీతారామరాజు దళం చేతిలో మరణించిన స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు ఆంగ్లాధికారుల సమాధులు ఈ ఊరిలోనే ఉన్నాయి. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల ముట్టడిని గూర్చి చెప్పేవారు నేటికీ దొరుకుతారు. రాళ్ళకు, తుపాకులకు, శౌర్యగాథలకు మనవారి జ్ఞాపకంలో చోటు దొరికింది. కాని యుద్ధం మరొక రూపంలో కూడా మన ఇళ్ళలోనికి వచ్చింది. చడీచప్పుడు లేకుండా, పర్సులోనూ, కొంగుముడిలోనూ, ట్రంకుపెట్టె అడుగునా చేరి కూర్చున్న ఆ రూపం పేరు కాగితపు నోటు.

ముప్పై సంవత్సరాలు పిల్లలకు ఛందస్సు, వ్యాకరణం చెప్పిన తెలుగు పండితునికి నోట్ల సేకరణ ఏమిటని మిత్రులు నవ్వుతూ ఉంటారు. నా సమాధానం ఒక్కటే. తాళపత్రమైనా, శాసనమైనా, నోటైనా చదువవలసిన లిఖితమే. ఎవరు వ్రాయించారు, ఎవరి భాషలో వ్రాయించారు, ఏమని మాట ఇచ్చారు, ఆ మాట నిలుపుకొన్నారా – ఈ నాలుగు ప్రశ్నలూ శాసనానికి వేసినట్లే నోటుకూ వేయవచ్చు. యుద్ధకాలపు నోట్ల విషయంలో నాలుగవ ప్రశ్న మరీ ముఖ్యం.

వెండి కరువు – కాగితపు రూపాయి

మన దేశంలో రూపాయి అంటే చిరకాలం వెండి నాణెమే. పన్నెండింట పదకొండు వంతులు మేలిమి వెండి ఉన్న తులమెత్తు నాణెం. 1861 కాగితపు ద్రవ్య చట్టం తరువాత ప్రభుత్వం నోట్లు వేసినా, అవి పెద్ద మొత్తాలకు, పట్టణ వర్తకులకు మాత్రమే పరిమితం. పల్లెటూరి రైతు చేతిలో ఖణేలుమనే రూపాయి ఉండవలసిందే.

మొదటి ప్రపంచయుద్ధం ఈ స్థితిని తలక్రిందులు చేసింది. 1914 నుండి బ్రిటిషు ప్రభుత్వం మన దేశం నుండి గోధుమలు, జనపనార, తోళ్ళు, మనుషులు – సమస్తమూ తీసికొన్నది. వాటికి ఇక్కడ చెల్లించడానికి వెండి రూపాయలు కావాలి. వెండి ధర చూస్తే లోకమంతటా పెరిగిపోతున్నది. 1917 నాటికి రూపాయిలోని వెండి విలువ రూపాయి ముఖవిలువను దాటే పరిస్థితి వచ్చింది. ఇక చెప్పవలసినదేమున్నది? రూపాయలు కరిగింపు మూసల్లోనికీ, పాతర్లలోనికీ, ఆభరణాలలోనికీ పోయాయి. మా మన్యపు స్త్రీల మెడలలో కనబడే రూపాయల దండలను చూచినప్పుడల్లా నాకు ఆ ఆర్థికసూత్రం జ్ఞాపకం వస్తుంది. కాగితాన్ని ఎవరూ దండగా గ్రుచ్చి మెడలో వేసికోరు గదా!

ఆ పరిస్థితిలో 1917 నవంబరు 30న ప్రభుత్వం మొట్టమొదటి ఒక రూపాయి నోటును విడుదల చేసింది. దానిపై ఐదవ జార్జి చక్రవర్తి ముఖంతో కూడిన వెండి రూపాయి బొమ్మనే అచ్చు వేశారు. ఇది మామూలు అలంకారం కాదు. “ఇది కాగితమే అయినా ఆ నాణెంతో సమానం, నమ్మండి” అని ప్రజలను బ్రతిమాలుకొనడం. అచ్చయిన నోట్లు చిన్న పుస్తకాల రూపంలో వచ్చేవి. ఒక్కొక్కటే చింపి ఇచ్చేవారు. 1918 జనవరిలో మరింత విచిత్రమైన రెండున్నర రూపాయల నోటు వచ్చింది. దానిపై “రెండు రూపాయల ఎనిమిది అణాలు” అని ఉంటుంది. ఈ రెండింటినీ 1926 జనవరి 1 నుండి ఆపివేశారు. మన దేశపు సేకర్తలకు రెండున్నర రూపాయల నోటు నేటికీ అందని ద్రాక్షపండే.

ఆ వెండి కరువు ఎంతటిదంటే, అమెరికా ప్రభుత్వం 1918లో పిట్‌మన్ చట్టమని ఒకటి చేసి, తన ఖజానాలోని 25 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించి ఆ వెండిని భారతదేశపు టంకశాలల కోసం బ్రిటనుకు అమ్మింది. అమెరికా డాలరు కరిగి మన రూపాయిగా మారిందన్నమాట.

ఇదే కారణం చేత నైజాం రాజ్యంలోనూ కాగితం వచ్చింది. 1918లో హైదరాబాదు కరెన్సీ చట్టం చేసి ఉస్మానియా సిక్కా నోట్లను వేశారు. స్వదేశ సంస్థానాలలో ఇంత నిలకడగా స్వంత నోట్లు నడిపినది హైదరాబాదు ఒక్కటే. ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలు కూడా వాటిపై ఉండడం తెలుగువారిగా మనం గమనించదగినది. ఏడు ఉస్మానియా రూపాయలు ఆరు బ్రిటిషు ఇండియా రూపాయలతో సమానం. పోలీసు చర్య తరువాత కూడ కొన్నేండ్లు చలామణిలో ఉండి, 1950ల దశకంలో ఇవి కనుమరుగైనాయి.

రెండవ యుద్ధం – కొత్త సంతకాలు, కొత్త దారాలు

1939లో మళ్ళీ యుద్ధం వచ్చింది. మళ్ళీ వెండి దాచుకోవడం మొదలైంది. 1940లో ప్రభుత్వం రూపాయి నాణెంలో వెండిని సగానికి తగ్గించి, అదే సంవత్సరం ఆగస్టులో ఒక రూపాయి నోటును తిరిగి ప్రవేశపెట్టింది. అప్పటికి రిజర్వుబ్యాంకు ఏర్పడి ఐదేండ్లయింది. అయినా ఈ నోటును బ్యాంకు కాక ప్రభుత్వమే వేసింది. చట్టం దృష్టిలో అది నోటు కాదు, కాగితపు నాణెం. అందుకే దానిపై గవర్నరు సంతకం ఉండదు, ఆర్థికశాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. స్వాతంత్ర్యం తరువాతి రూపాయి నోట్లలోనూ కొనసాగిన ఈ సంప్రదాయం వెనుక ఉన్నది యుద్ధకాలపు అవసరమే. 1943 మార్చిలో రెండు రూపాయల నోటు వచ్చింది. రాగికి కూడ కటకట రావడంతో అదే సంవత్సరం మధ్యలో పెద్ద రంధ్రం ఉన్న కాణీలు వచ్చాయి. ఈ చిల్లికాణీలు మా తరం పిల్లలకు ఆటవస్తువులు.

ఆ రోజులలో జపానువారు మన నోట్లకు మేలైన దొంగనోట్లు తయారుచేశారు. దానికి ప్రతిక్రియగా రిజర్వుబ్యాంకు నీటిగుర్తును మార్చింది. ప్రక్కకు తిరిగి ఉన్న ఆరవ జార్జి ముఖాన్ని ఎదురుగా చూస్తున్నట్లు మార్చింది. నోటు లోపల రక్షణ దారాన్ని మన దేశంలో మొదటిసారిగా ప్రవేశపెట్టింది. ఈనాడు మనం నోటును వెలుగుకు పట్టి చూచే ఆ దారం కూడ యుద్ధం ఇచ్చిన వారసత్వమే!

1943 ఆగస్టులో రిజర్వుబ్యాంకు గవర్నరు పదవి తొలిసారి ఒక భారతీయునికి, చింతామణి ద్వారకానాథ దేశ్‌ముఖ్‌గారికి దక్కింది. ఆంగ్ల చక్రవర్తి బొమ్మ ప్రక్కన భారతీయుని సంతకం ఉన్న ఆ నోట్లను చూచినప్పుడు ఒక సంధియుగం కళ్ళకు కడుతుంది. ఆ దేశ్‌ముఖ్‌గారే 1953లో మన రాజమహేంద్రవరపు ఆడపడుచు దుర్గాబాయిగారిని వివాహమాడి తెలుగువారి అల్లుడైనారు.

ఈ నోట్ల వెనుక మరొక నిజం కూడ ఉన్నది. యుద్ధారంభంలో దేశంలో చలామణిలో ఉన్న నోట్లు దాదాపు 180 కోట్ల రూపాయలు. యుద్ధం ముగిసేసరికి అవి 1,100 కోట్లు దాటాయి. బ్రిటను తన యుద్ధపు ఖర్చును ఇక్కడ రూపాయలలో పెట్టించి, బదులుగా లండనులో స్టెర్లింగు పద్దు వ్రాసింది. పద్దు అక్కడ పెరిగింది, కాగితం ఇక్కడ పెరిగింది, వస్తువు మాత్రం ఎక్కడా పెరగలేదు. ధరలు పెరగక ఏమి చేస్తాయి? 1943 వంగదేశపు క్షామాన్ని తలచుకొన్నప్పుడు ఈ అంకెలను కూడ తలచుకోవాలి. తుదకు చీకటిబజారు సొమ్మును పట్టడానికని 1946 జనవరిలో 500 రూపాయలు, అంతకు పైబడిన నోట్లను రద్దు చేశారు.

తెలుగువాడి రంగం

ఇక అసలు విషయానికి వస్తాను. ఉత్తరాంధ్రలో సేకరణకు పూనుకొన్నవానికి అన్నిటికంటె తరచుగా ఎదురయ్యేవి బర్మా నోట్లు. కారణం తెలిసినదే. రంగూనును మనవారు “రంగం” అన్నారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల నుండి ఓడలెక్కి తరతరాలుగా తెలుగు కూలీలు రంగం వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా ఆంగ్లేయులు వారిని కోరంగీలన్నారు. రేవులో బరువులు మోసినది, వడ్లమిల్లులలో పనిచేసినది, రిక్షాలు లాగినది, వీధులు ఊడ్చినది చాలావరకు వీరే. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టినప్పుడు, వారి స్థానంలో బర్మీయులను పనిలోకి తీసికోవడం, తరువాత వీరిని మళ్ళీ పిలవడం, దానిపై రేగిన కలహంలో ఎందరో మనవారు హతులవడం చరిత్రలో ఒక నెత్తుటి పుట.

ఆనాటి నోట్లపై కూడ ఈ బంధం గుర్తులున్నవి. బ్రిటిషు ఇండియా నోట్లను మండలాల వారీగా వేసేవారు. ‘ఎం’ అంటే మద్రాసు, ‘ఆర్’ అంటే రంగూను. 1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుండి వేరు చేసినా, అక్కడి నోట్ల బాధ్యత మన రిజర్వుబ్యాంకే చూచింది. మొదట మన నోట్లపైనే “బర్మాలో మాత్రమే చెల్లును” అనే అర్థం వచ్చే ఆంగ్ల వాక్యం ముద్రించి, 1938 నుండి ప్రత్యేకంగా బర్మా నోట్లు వేసింది.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరం వారి వశమైంది. ఈ మధ్యకాలంలోనూ, తరువాత నెలలలోనూ నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా విడిచిపెట్టారు. డబ్బున్నవారు ఓడలలో వచ్చారు. లేనివారు అరకాను కొండలగుండా, మణిపురం దారిన, హుకాంగు లోయగుండా నడిచారు. ఆకలికీ, మలేరియాకూ, కలరాకూ వేలాది మంది దారిలోనే రాలిపోయారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపైనా బాంబులు పడ్డాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భవనాలు సైన్యానికి పోయి, విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. రంగంలో మొదలైన మంట మన గడపదాకా వచ్చిందన్నమాట.

జపాను వారి రూపాయి

రంగూనులో ప్రవేశించిన జపాను సైన్యం వెంట సిద్ధంగా అచ్చువేసిన నోట్లు ఉన్నాయి. వీటినే సేకర్తలు “దండయాత్ర నోట్లు” అంటారు. దేశానికొక రకం. ఫిలిప్పీనులకు పెసోలు, మలయాకు డాలర్లు, డచ్చి దీవులకు గిల్డర్లు, బర్మాకు రూపాయలు. నోటు మీద ముద్రించిన అక్షర సంకేతంలో మొదటి అక్షరం దేశాన్ని చెబుతుంది. బర్మాకు ‘బి’, మలయాకు ‘ఎం’, ఫిలిప్పీనులకు ‘పి’. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు ముందుగా చూడవలసినది ఈ అక్షరాన్నే.

బర్మా రకంలో 1942లో 1, 5, 10 సెంట్ల నోట్లు, పావు రూపాయి, అర రూపాయి, 1, 5, 10 రూపాయల నోట్లు వచ్చాయి. 1944లో 100 రూపాయల నోటు వచ్చింది. ఇక్కడొక వింత ఉన్నది. మన రూపాయికి పదహారణాలు. జపానువారు రూపాయికి నూరు సెంట్లన్నారు. మన దేశంలో నయాపైసలు వచ్చినది 1957లో. అంతకు పదిహేనేండ్ల ముందే, అణాల లెక్క తప్ప మరొకటి ఎరుగని మన కూలీవాడి చేతిలో ఐదు సెంట్ల కాగితం పెట్టారు! పావు రూపాయి అంటే నాలుగణాలని అర్థమవుతుంది. మరి పది సెంట్లంటే ఎన్ని అణాలు? ఒకటిన్నర దాటి మరికొంచెం. సంతలో బేరమాడేవానికి ఈ భిన్నాలు ఎంత చిక్కు తెచ్చి ఉంటాయో ఊహించుకోండి.

రెండవ వింత భాషకు సంబంధించినది. ఆంగ్లేయుని పాలన నుండి ఆసియాను విడిపిస్తున్నామని చెప్పినవారు తమ నోటుపై “జపాను ప్రభుత్వము” అన్న మాటను ఆంగ్లంలోనే అచ్చువేశారు. డచ్చి దీవుల నోట్లపై మొదట డచ్చి భాషలో వేశారు. ఓడిపోయిన దొర భాషలోనే కొత్త దొర తన పేరు చెప్పుకొన్నాడు. కొన్నిటిపై, అడిగిన వెంటనే చెల్లిస్తామన్న హామీ కూడ ఉన్నది. హామీ ఉన్నది గాని, ఎక్కడికి వెళ్ళి అడగాలో లేదు. వెనుక బంగారం లేదు, వెండి లేదు. సంతకం లేదు. వరుస సంఖ్య కూడ లేదు. వరుస సంఖ్య లేని నోటు అంటే ఎన్ని అచ్చు వేశామో లెక్క చెప్పనక్కరలేని నోటన్నమాట. అందుకే అచ్చు పెరిగిపోయింది, ధరలు ఆకాశాన్నంటాయి. చివరకు సంచీడు కాగితాలకు పిడికెడు బియ్యం అన్న స్థితి వచ్చింది. 1945లో ఆంగ్లేయులు రంగూనును తిరిగి పట్టుకొన్నాక, జపాను నోట్లు చెల్లవని చెప్పివేశారు. అంతటితో ఒక దేశంలోని చేతిసొమ్మంతా చిత్తుకాగితమైపోయింది.

ట్రంకుపెట్టె సాక్ష్యం

2011లో మాకవరపాలెం వైపు ఒక గ్రామంలో పాత శిష్యుడొకడు నన్ను ఒక ఇంటికి తీసికొనివెళ్ళాడు. డెబ్బది అయిదేండ్ల ముసలమ్మ, ఆమె కొడుకు, మనుమడు ఉన్నారు. ట్రంకుపెట్టె అడుగు నుండి నూనెగుడ్డలో చుట్టిన పొట్లం తీసి నా ముందు పెట్టారు. అందులో జపాను వారి పది రూపాయల నోట్లు నలభైకి పైగా, ఐదు రూపాయలవి కొన్ని, నూరు రూపాయలవి రెండు ఉన్నాయి.

“మా తాత నలభై రెండులో రంగం నుండి అడవుల వెంట నడిచి వచ్చాడు మాస్టారూ. వస్తూ వస్తూ తెచ్చిన సొమ్ము ఇది” అన్నాడు కొడుకు. ఆ ఇంట్లో అందరూ నమ్మిన కథ అది. ఊరివారు కూడ అదే చెబుతారట.

నేను నూరు రూపాయల నోటును చేతిలోకి తీసికొన్నాను. ఇక్కడే చరిత్ర పాఠం ఉన్నది. 1942లో జపాను వారికంటె ముందు పారిపోయి వచ్చిన మనిషి దగ్గర జపాను వారి నోట్లు ఉండడానికి వీలులేదు. అతని దగ్గర ఉండవలసినవి బ్రిటిషు బర్మా నోట్లో, మన నోట్లో, బంగారమో. అదీగాక నూరు రూపాయల నోటు 1944కు ముందు లేనేలేదు. కాబట్టి ఈ పొట్లం కట్టిన మనిషి 1944 దాకా, బహుశః యుద్ధం ముగిసేదాకా బర్మాలోనే ఉండి ఉండాలి. ఆ మాటే మెల్లగా చెప్పాను.

కొడుకు ఒప్పుకోలేదు. కాని అంతవరకు గోడకు చేరగిలబడి ఉన్న ముసలమ్మ ఒక్కసారి కదిలింది.

“మాస్టారు సెప్పింది నిజవే బాబూ. మా అయ్య మాతో రాలేదు. మమ్మల్ని ఓడెక్కించేసి తను ఉండిపోనాడు. టిక్కెట్లకి సొమ్ము సాల్లేదు” అన్నది.

ఆ తరువాత ఆమె చెప్పినదంతా ఆ ఇంట్లోని మగవారు కూడ అంతకుముందు విననిదే. తల్లి, ఇద్దరు పిల్లలు ఓడలో కలకత్తా చేరి, అక్కడి నుండి రైలులో నర్సీపట్నం రోడ్డు స్టేషనులో దిగి ఊరికి నడిచివచ్చారు. తరువాత మూడేండ్లు ఉత్తరం లేదు, కబురు లేదు. రంగం మీద బాంబులు పడ్డాయన్న వార్త మాత్రం అందరికీ తెలుసు. రెండో ఏడు గడిచేసరికి బొట్టు తీసివేయమని, గాజులు పగులగొట్టుకొమ్మని బంధువులే ఒత్తిడి చేశారు. “మా యమ్మ తీయనంది. సూసినోడెవడైనా వచ్చి సెప్పమను, అప్పుడు తీస్తానంది” అన్నది ముసలమ్మ. యుద్ధం ముగిశాక ఒక సాయంత్రం ఆ మనిషి వచ్చాడు. మనిషి సగమైపోయాడు. చేతిలో ఈ పొట్లం ఉన్నది. మూడేండ్ల కూలి. మరునాడు అనకాపల్లి తీసికొనిపోయి ఒక షావుకారుకు చూపిస్తే, పొయ్యిలో పెట్టుకొమ్మన్నాడట. ఆయన పొయ్యిలో పెట్టలేదు. ఎవరూ దాని ఊసెత్తడానికి వీలులేదని మాత్రం చెప్పాడట. అందుచేతనే కాబోలు, వేలాదిమంది నడిచివచ్చిన ఆ అడవిదారి కథ ఈ ఇంటి కథగా కూడ మారిపోయింది. నడిచివచ్చానని చెప్పుకోవడంలో గౌరవమున్నది. మూడేండ్ల కష్టం చిత్తుకాగితమైందని చెప్పుకోవడంలో ఏమున్నది?

మనుమడు ఆ నోట్లు లక్షలు చేస్తాయని ఎక్కడో విన్నాడు. నిజం చెప్పాను. జపాను వారి బర్మా నోట్లు కోట్లలో అచ్చయినవి, వాటికి సేకర్తలిచ్చే వెల బహు స్వల్పం. ముసలమ్మ “ఇప్పుడైనా సెల్లుతాయా మాస్టారూ?” అని అడిగింది. చెల్లవని చెప్పడం కష్టమే అయింది. నేను ఆ పొట్లాన్ని కొనలేదు. ఆమె చెప్పినది చెప్పినట్లు రెండు తెల్లకాగితాల మీద వ్రాసి, చదివి వినిపించి, ఆమె వేలిముద్ర వేయించి, నోట్లతోపాటే ఆ నూనెగుడ్డలో పెట్టమన్నాను. నోటు ఒక్కటే ఉంటే అది ఏ అంగడిలోనైనా దొరికే వస్తువు. ఆ కాగితంతో కలిసి ఉంటే ఒక స్త్రీ మూడేండ్లు తీయని బొట్టుకు సాక్ష్యం.

ఆజాద్ హింద్, సైనిక పాలన

ఇదే కాలంలో రంగూనులో మరొక ప్రయత్నం జరిగింది. 1943 అక్టోబరు 21న సింగపూరులో నేతాజీ స్థాపించిన ఆజాద్ హింద్ ప్రభుత్వం, 1944 ఏప్రిల్‌లో రంగూనులో ఆజాద్ హింద్ బ్యాంకును తెరిచింది. అక్కడి భారతీయులు నగలు, నగదు విరాళమిచ్చారు. అయితే బజారులో నడిచినది మాత్రం జపాను రూపాయే. ఈనాడు ఆజాద్ హింద్ నోట్లని అమ్మజూపేవాటిలో తరువాత అచ్చువేసిన నకిలీలు చాలా ఉన్నాయి. నేతాజీ పేరు మీద మనకున్న గౌరవమే వాటి పెట్టుబడి. కొనేముందు పదిసార్లు ఆలోచించాలి.

బ్రిటిషు సైన్యం తిరిగివచ్చినప్పుడు మన భారతీయ నోట్లపైనే “బర్మా సైనిక పాలన, బర్మాలో మాత్రమే చెల్లును” అనే అర్థంలో ఆంగ్లంలో అదనపు ముద్ర వేసి 1945లో చలామణి చేశారు. 1947లో బర్మా కరెన్సీ బోర్డు పేరిట మరొక ముద్ర వచ్చింది. ఈ నోట్లకు సేకర్తలలో గిరాకీ ఎక్కువ. గిరాకీ ఉన్నచోట మోసమూ ఉంటుంది. అసలైన భారతీయ నోటు మీద దొంగముద్ర కొట్టడం సులువు. ముద్రలోని సిరా పాత మడతల మీదుగా పారి ఉన్నదా, మడత పడ్డాక సిరా చెదిరి ఉన్నదా అని భూతద్దంతో చూడాలి. మడత తరువాత పడిన సిరా మడత లోయలోనికి దిగుతుంది. ముందే ఉన్న సిరా మడత వద్ద పగులుతుంది.

రంగం కథ 1945తో ముగియలేదు. 1962లో నేవిన్ సైనికాధికారం చేజిక్కించుకొన్నాక, 1964 మే నెలలో 50, 100 చాట్ల నోట్లను రద్దు చేశాడు. దుకాణాలు జాతీయమైనాయి. భారతీయులు మళ్ళీ ఓడలెక్కారు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు ఆనాటి కాందిశీకుల గుర్తే. ఒకే జాతివారి చేతిలో ఇరవై ఏండ్ల వ్యవధిలో రెండుసార్లు సొమ్ము కాగితమైపోయింది. ఈ ప్రాంతపు పెట్టెలలో రెండు కాలాల నోట్లూ కలిసిపోయి కనబడడానికి కారణమిదే. మలయా తోటలకు పోయిన మనవారి ఇళ్ళలో అరటిచెట్టు బొమ్మ ఉన్న పది డాలర్ల నోటు దొరుకుతుంది. దానిని అక్కడ అరటి నోటనే పిలిచేవారు. ఆ నోటు కనబడితే, వారిలో ఎవరినైనా సయాము–బర్మా రైలుమార్గం పనికి పట్టుకొనిపోయారా అని తప్పక అడగండి. ఎందరో దక్షిణాది కూలీలు అక్కడే మట్టిలో కలిశారు.

భద్రపరచడం గూర్చి

సముద్రం దగ్గరి గాలి, మన్యపు వానలు – రెండూ కాగితానికి శత్రువులే. నా అనుభవంలో తేలిన కొన్ని సంగతులు చెబుతాను. నోటుకు లామినేషన్ చేయించవద్దు, సెల్లోటేపు అంటించవద్దు. చిరిగినది చిరిగినట్లే ఉండనివ్వండి. ఇస్త్రీ చేయవద్దు, కడుగవద్దు. చవకరకం పీవీసీ కవర్లు కొంతకాలానికి జిగటబడి సిరాను పీల్చుకొంటాయి. పాలియెస్టరు తొడుగులు వాడండి. నోటు మీద కలముతో ఏమీ వ్రాయవద్దు. విడి కాగితం మీద పెన్సిలుతో వ్రాసి తొడుగు వెనుక పెట్టండి. వానాకాలం తరువాత ఒక పొడిరోజు చూచి పెట్టె తెరిచి, నీడలో గాలి తగలనివ్వండి.

పాతనోట్లకు లక్షలిస్తామని ఫోనులో చెప్పి, ముందుగా రుసుము కట్టమనే మోసగాళ్ళు ఎక్కువయ్యారు. తన పేరు వాడుకొని ఇట్లా దోచుకొంటున్నారని రిజర్వుబ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. పాతనోటు కొనేవాడు మీకు డబ్బివ్వాలి గాని, మీ దగ్గర అడగడు.

చివరగా చదువరులకు నాదొక విన్నపం. మీ ఇళ్ళలో, మీ అత్తవారిళ్ళలో, అటకల మీద ఇటువంటి పొట్లాలు ఉంటే వెలకట్టడానికి ముందు ముగ్గురిని అడగండి. ఎవరు తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు, తెచ్చిననాడు ఇంట్లో ఏమి జరిగింది అని. ముఖ్యంగా ఇంటి ఆడవారిని అడగండి. మగవారు చెప్పే కథలో ప్రయాణం ఉంటుంది, ఆడవారు చెప్పే కథలో నిరీక్షణ ఉంటుంది. రెండూ కలిపి వ్రాసి నోటు ప్రక్కన పెట్టండి. ఆ మాకవరపాలెం ముసలమ్మ 2014లో కాలం చేసింది. ఆ రెండు కాగితాలు ఇప్పటికీ ఆ పొట్లంలోనే ఉన్నాయని మనుమడు చెప్పాడు. నోట్లు అమ్మే ఆలోచన మానుకొన్నాడట. రంగం చూచినవారు మన జిల్లాలలో ఇక వేళ్ళ మీద లెక్కించదగినంతమందే మిగిలారు. వారు ఉండగానే అడగండి.